లేగోసుకి ఔన్సున్నర ఎక్కువ

ఏప్రిల్ 29, మంగళవారం

నాకు ఉత్తరం వచ్చింది. నాకు! మాణిక్యమ్మకి! వినుకొండ పిన్ని దగ్గర్నుంచి కాదు, లేగోసు నుంచి. లేగోసంటే ఆఫ్రికా. ఆఫ్రికా అంటే మేం నేసే పెద్ద గళ్ళ రుమాళ్ళు చీరల్లా కట్టుకునేవాళ్ళ దేశం. పోస్టుమాస్టరు జక్రయ్య గారు టపా బంట్రోతుకి ఇవ్వకుండా తనే గొడుగేసుకుని గుమ్మం దాకా వచ్చారు. "అమ్మా, నా సర్వీసులో ఇట్లాంటి స్టాంపు చూళ్ళేదమ్మా" అన్నారు. అంత ఇంగ్లీషు నాకు రాదని ఆయనే చించి, చదివి, తెలుగులో చెప్పారు.

ఆవిడ పేరు అడున్ని. లేగోసు బజార్లో బట్టల కొట్టు. రెండేళ్ళ కిందట రుమాళ్ళ తాను విప్పితే లోపల నా చీటీ కనబడిందట. దాచుకుందట. ఆగస్టులో పెద్దమ్మాయి పెళ్ళి. వాళ్ళలో పెళ్ళివారి ఆడవాళ్ళంతా ఒకే రకం బట్ట కట్టుకోవాలట. మా బట్టే కావాలిట, మేం రంగులో కలిపే ఆ నూనె వాసనదే. అక్కడి షాపుల్లో ఇప్పుడు దొరకట్లేదట. ఇరవై నాలుగు తానులు నేరుగా పంపగలవా అమ్మా అని అడిగింది. నన్ను నమ్మి సగం డబ్బుకి పోస్టల్ ఆర్డరు కూడా పెట్టింది. సముద్రం అవతల ఉన్న మనిషి!

ఆ చీటీ సంగతి ఈ డైరీకి తప్ప ఎవరికీ చెప్పను. షావుకారు గురవయ్యకి ఇచ్చే తాను లోపలి మడతలో నేనే పెట్టాను. నా పేరు, ఊరు, గుంటూరు జిల్లా, ఇంగ్లీషులో. థర్డ్ ఫారం దాకా చదివింది ఇంకెందుకు? మనింట్లో నేసిన బట్ట ఎవరి ఒంటి మీదకి పోతుందో తెలీకుండానే పోతుంటే మనసొప్పేది కాదు. అంతే, ఇంకేం లేదు. మా ఆయనకి చెబితే "షావుకారుకి తెలిస్తే నూలు ఆపేస్తాడే" అని భయపడతాడని చెప్పలేదు.

ఒక్కటి మాత్రం అంతుపట్టలేదు. కవరు మీద నా ఇంగ్లీషు అడ్రసు కింద తెలుగక్షరాలున్నాయి. చిన్నపిల్లలు చూసి గీసినట్టు వంకరటింకరగా, "రోశయ్య" అని. మా ఆయన పేరు. నేనెప్పుడూ రాయలేదే! లేగోసులో మనవాళ్ళెవరో ఉండుంటారు, ఆవిడ అడిగి రాయించుకుని ఉంటుంది. ఈ ఊళ్ళో నేతగాడంటే రోశయ్యే అని ఎవరికి తెలీదు!

ఏప్రిల్ 30

నవ్వు ఆగట్లేదు. అన్నం మాడింది.

మే 2

ఎందుకింత సంబరమో రాసుకోవాలి, తర్వాత చదువుకుంటే పిచ్చిదాన్ని అనుకోకుండా.

మూడు నెలల్నుంచి మగ్గం ఖాళీ. ఆఫ్రికా సరుకు ఆగిందని గురవయ్య నూలు ఇవ్వట్లేదు. నేసిన తానులు కూడా తీసుకోలేదు. సరిగ్గా ఇరవై నాలుగు, అటక మీద ఉన్నాయి. మా ఆయన తేల్చేశాడు: వినాయక చవితి వెళ్ళగానే గుంటూరు మిర్చి యార్డుకి పోతాడట. అక్కడ పానకాలు బావ బస్తాలు మోసే పని చూపిస్తాడట. మగ్గం కొయ్యలు వడ్రంగి వెంకయ్యకి ఇచ్చేసి, కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంట పూడ్చేస్తాడట. మా మామగారు తవ్విన గుంట అది. మా ఆయన కాళ్ళు పన్నెండో ఏట నుంచి ఆ గుంటలోనే ఉన్నాయి. ఆ మనిషి బస్తాలు మోస్తాడా? నడుం వంగదు, మాట వంగదు.

ఈ తానులు చేరి, ఆవిడ మళ్ళీ ఆర్డరు పంపిందంటే మగ్గం ఇల్లు కదలదు. అదీ సంగతి.

మే 3

పోస్టాఫీసులో జక్రయ్య గారు లావుపాటి రేట్ల పుస్తకం తీశారు. అన్నీ కలిపి పార్సిలుగా పంపితే టపా ఖర్చే బట్ట ఖరీదు మింగేస్తుందట. నా మొహం చిన్నబోయింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని ఇంకో పేజీ తిప్పారు.

"చిన్న ప్యాకెట్టు అని ఒకటుందమ్మా. రెండు పౌన్లు దాటకూడదు. లక్క వెయ్యకూడదు, కుట్టకూడదు, మేం విప్పి చూసుకునేట్టు తాడు కట్టాలి. పచ్చచీటీ మీద లోపలేముందో రాయాలి. దీనికి పార్సిలు రేటులో నాలుగో వంతు కూడా కాదు."

"అయితే ఇరవై నాలుగూ ఇరవై నాలుగు ప్యాకెట్లు కట్టుకొస్తానండీ!"

"కట్టుకురా."

"అన్నీ ఒకే ఓడలోనే పోతాయి గదండీ? మూటైతే అంత రేటు, ముక్కలు చేస్తే ఇంతేనా? ఎందుకని?"

"ఎందుకనేది పుస్తకంలో లేదమ్మా."

ఎంత మంచి పుస్తకం! కానీ చివర్లో ఆయనే పిడుగు వేశారు. జూన్ ఒకటి నుంచి విదేశాల రేట్లు పెరుగుతున్నాయట, చిన్న ప్యాకెట్లకి మరీను. ఒకటో తారీఖు ఆదివారం. అంటే మే ముప్ఫై ఒకటి శనివారంలోగా అన్నీ వెళ్ళిపోవాలి. ఆవిడ పంపిన డబ్బు ఇప్పటి రేటుకి బొటాబొటీగా సరిపోతుంది, పెరిగిన రేటుకి చాలదు.

ఇంట్లో తూచుకోడానికి సరిగ్గా రెండు పౌన్ల ఇసుక సంచీలో పోసి ఇచ్చారు. నెత్తిన పెట్టుకుని వచ్చాను. దార్లో కిరాణా కొట్టు కరీమున్ "ఏంటే, బంగారమా?" అంది. "అంతకంటే ఎక్కువే" అన్నాను.

మే 5

ఇంట్లో చెప్పాను. గురవయ్య సరుకు కొనే మద్రాసు షాపువాళ్ళు ఆవిడకి మన అడ్రసు ఇచ్చారట అని అబద్ధం కూడా చెప్పాను. ఆయన కవరు తీసుకుని అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూశాడు. "ఊఁ" అని తిరిగిచ్చేశాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఎండలో తిరిగొచ్చాడు గదా.

అత్త అయితే అల్లరి అల్లరి! మా అత్త వెంకటేశ్వరమ్మకి పెళ్ళి మాట వినబడితే చాలు. "పిల్ల పేరేంటి? ఎంత వయసు? పిల్లాడేం చేస్తాడు? కట్నమెంత?" అవన్నీ ఉత్తరంలో లేవు అత్తా అంటే, "ఏం ఉత్తరమే అది, అసలు సంగతే లేదు" అని విసుక్కుంది. ప్యాకెట్లు మాత్రం తనే కడతానంది. ముడి వెయ్యడంలో అత్త చెయ్యి అత్త చెయ్యే.

మే 9

మొదటిది వెళ్ళింది! ఆ తాను పాత నూలుది, కాస్త తేలిక. జక్రయ్య గారి తక్కెడ మీద పెడితే ముల్లు సరిగ్గా రెండు పౌన్ల మీద నిలబడింది. ఠప్ ఠప్ మని ముద్ర వేశారు. పోయిరా తల్లీ అన్నాను పైకే. జక్రయ్య గారు నవ్వారు.

మే 12

పది ప్యాకెట్లు తీసుకెళ్తే పదీ తిరిగొచ్చాయి. ఔన్సున్నర ఎక్కువట, ఒక్కొక్కటీ!

పొద్దున కరీమున్ తక్కెడలో ఇసుక సంచీ ఒకవైపు, తానూ కాగితమూ తాడూ ఒకవైపు పెట్టి నా కళ్ళతో నేనే చూశాను. ఇసుకే కిందికి దిగింది. ఇంటికి తెచ్చి అత్తకిచ్చాను, అత్త కట్టింది, ఆయన సైకిలు మీద పెట్టుకుని వెళ్ళాం. మధ్యలో ఔన్సున్నర ఎక్కడ్నుంచి వచ్చి కూర్చుంది?

"మీ తక్కెడ తప్పండీ" అన్నాను. జక్రయ్య గారికి కోపం వచ్చింది. నాకిచ్చిన ఇసుక సంచీ తెప్పించి తన తక్కెడ మీద పెట్టారు. రెండు పౌన్లు, గీత మీద గీత. "ఇప్పుడు చెప్పమ్మా" అన్నారు. సంచీ తీసుకుని తిరిగొచ్చాను. దార్లో మా ఆయన సైకిలు తొక్కుతూ నవ్వుతున్నాడు. ఏంటయ్యా నవ్వు అంటే, "పోస్టుమాస్టరు తక్కెడనే తిట్టావు గదే" అన్నాడు. ఈ మనిషి నవ్వి ఎన్నాళ్ళైందో.

మే 14

కనిపెట్టాను! తేమ! సముద్రం గాలి! ఇటు వేటపాలెం దాకా ఉప్పగాలే గదా, కట్టేలోపు బట్ట తాగేస్తోంది. రేపు ఎండలో ఆరబెట్టి, వేడి వేడిగా కట్టించి, గాలి తగలకుండా పరిగెత్తాలి.

మే 15

పరిగెత్తాం. బాబోయ్, ఎట్లా పరిగెత్తామో! పెణం లాంటి దాబా మీద నాలుగు తానులు రెండు గంటలు పరిచాం. అత్త లోపల కూచుని చకచకా కట్టింది. ఆయన రెండు, నేను రెండు దుప్పట్లో చుట్టి గుండెలకి హత్తుకుని వీధంతా పరుగు. చంటిబిడ్డకి ఏదో అయిందనుకుని కరీమున్ కొట్టు వదిలేసి మా వెనకాల పడింది. మా వెనక రెండు కుక్కలు. నేను నవ్వలేక చచ్చాను. ఆయన చెప్పు తెగింది, అయినా ఆగలేదు.

ఔన్సుంబావు ఎక్కువ.

పావు ఔన్సు తగ్గింది గదా! అదే పదివేలు.

మే 17

గంజి! గంజి బరువే అయుంటుందని ఒక తాను నీళ్ళలో ముంచాను. అత్త చూసి లబలబలాడింది. "ఏందే నీకు పిచ్చా? పెళ్ళి బట్ట పిల్ల కట్టకముందే ఉతుకుతావా?" ఎరుపు కాస్త పసుపులోకి దిగింది. ఆరాక మెత్తగా, చంటిపిల్లాడి బట్టలా అయింది. అది కట్టి తూస్తే అర ఔన్సు ఎక్కువ. ఇంకా ఎక్కువే!

ఆయన ఆ తాను తీసుకుని మళ్ళీ గంజి పెట్టాడు, నీడలో ఆరబెట్టాడు, అరచేత్తో సాపు చేశాడు. "ఇంక వేటినీ ముంచకు మాణిక్యం" అన్నాడు మెల్లిగా. తిడితే బాగుండేది.

మే 19

తక్కెడకి దిష్టి తగిలిందని అత్త ఉప్పు తిప్పి పడేసింది. నాకైతే అత్త మీద జాలేసింది, పాపం ఎంత ఆరాటం.

మే 22

ఆయన తాడు పొట్టి చేశాడు. పచ్చచీటీ అంచులు కత్తిరించాడు. పలచటి కాగితం చీరాల నుంచి తెచ్చాడు. ఇదంతా తనకేం ఆశ లేనట్టు, ఊరికే తోచక చేస్తున్నట్టు చేస్తాడు. నేనూ గమనించనట్టే ఉంటాను.

ఔన్సుంబావు.

మే 24

వడ్రంగి వెంకయ్య వచ్చి మగ్గం కొయ్యలు తట్టి చూసి వెళ్ళాడు. "బలంగా ఉన్నాయి, మంచం కోళ్ళకి బాగుంటాయి" అన్నాడు. మంచం కోళ్ళు!

నేనేం ఏడవలేదు. ఉల్లిపాయలు తరిగాను.

మే 27

అయ్యో అయ్యో అయ్యో! రాయకపోతే పేలిపోతాను.

ఇవాళ ఒక్క ప్యాకెట్టు పట్టుకుని వెళ్ళాను, ఏడుపు మొహంతో. తక్కెడ మీద ఔన్సుంబావు ఎక్కువ. జక్రయ్య గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "అమ్మా, విప్పి చూసే హక్కు నాకుంది. పెళ్ళి బట్ట గదా అని ఇన్నాళ్ళూ ముట్టుకోలేదు. ఇవాళ రూలు ప్రకారం చూస్తా" అన్నారు. తాడు విప్పారు. కాగితం తీశారు. తాను మడత మీద మడత తీశారు. నట్టనడి మడతలో చిన్న గుడ్డముక్కలో ముడి. ముడి విప్పితే పసుపు కలిపిన బియ్యం! పిడికెడు! అందులో ఒక ఎండు ఖర్జూరం కూడా!

జక్రయ్య గారు ఖర్జూరం వేళ్ళతో పట్టుకుని పైకెత్తి చూశారు. "పచ్చచీటీ మీద 'నూలు రుమాళ్ళు' అని రాశావు గదమ్మా. ఇదేంటి?"

ఇంటికి పరిగెత్తాను. "అత్తా!" అని గావుకేక పెట్టాను. అత్త చాటలో మిరపకాయలు తొడిమలు తీస్తోంది. సంగతి చెప్పాను. తప్పు చేసినట్టు మొహం పెట్టిందా? అబ్బే!

"పెళ్ళి బట్ట వట్టిగా పంపిస్తారా ఎవరైనా? పిల్ల ఒళ్ళోకి బట్ట పోతుంటే గింజ లేకుండానా? ఎంత దూరమైనా ఆడపిల్లే గదే! మన పరువేం కాను?"

"మరి ఇన్నాళ్ళూ మేం ఎండలో చస్తుంటే చెప్పలేదేం?"

"బియ్యం బరువేంటే? పిడికెడు! ఆ బియ్యానికే ఓడ మునిగిపోతుందా?"

గుమ్మంలో ఆయన నిలబడి అంతా విన్నాడు. ముందు భుజాలు కదిలాయి. తర్వాత గోడకి ఆనుకున్నాడు. ఆ తర్వాత కింద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు, కళ్ళ నీళ్ళు కారేట్టు. నేనూ పడ్డాను పక్కనే. తెగిన చెప్పు, కుక్కలు, కరీమున్ పరుగు, అన్నీ గుర్తొస్తున్నాయి, ఆపుకోలేకపోతున్నాం. అత్త ఒక్కతే నవ్వలేదు. చాట విసిరేసి లోపలికెళ్ళి ముసుగు తన్నింది.

మే 29

మిగిలిన ఇరవై రెండూ విప్పి ఇరవై రెండు పిడికిళ్ళూ తీశాం. అత్త మాట్లాడట్లేదు. ఆ బియ్యం వండితే తినను కూడా తినలేదు. "పరాయింటికి ఇచ్చిన బియ్యం" అంది గోడ వైపు చూసి.

మే 31, శనివారం

ఇరవై మూడూ వెళ్ళాయి! ఒక్కొక్కటీ తక్కెడ ఎక్కి దిగుతుంటే జక్రయ్య గారు పైకే లెక్కపెట్టారు. అన్నీ రెండు పౌన్లలోపే. చివరి ముద్ర నన్నే వెయ్యమన్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు, రూలు కాదట. వేశాను. తేదీ కాస్త వంకరగా పడింది. అది కూడా లేగోసు పోతుంది!

జూన్ 1

రేట్లు పెరిగాయట. పెరగనీ!

జూన్ 20

ఓడ ఇప్పుడు ఎక్కడుందో. బొంబాయి దాటిందా? జక్రయ్య గారినడిగితే "సముద్రంలో ఉందమ్మా" అంటారు. ఆ మాత్రం నాకు తెలీదా!

జులై 18

రాలేదు.

ఆగస్టు 9

రాలేదు. నేనేం ఎదురుచూడట్లేదు. పోస్టాఫీసు వీధిలో వంకాయలు బాగుంటాయని వెళ్తున్నాను, అంతే. అత్త ఇవాళ మాట్లాడింది. "ఏందే రోజూ ఈ పుచ్చు వంకాయలు?" అంది.

ఆగస్టు 30

పెళ్ళి అయిపోయి ఉంటుంది. కట్టుకుని ఉంటారు. ఆ మాత్రం చాలు నాకు.

చాలదు. అబద్ధం ఎందుకు, చాలదు.

సెప్టెంబరు 18

చవితి వెళ్ళింది. ఎల్లుండి వెంకయ్య బండి తోలుకొస్తాడు. ఆయన పొద్దున గంపతో మట్టి తెచ్చి గుంట పక్కన పోశాడు. రెండు గంపలు గుంటలో వేసి ఆగిపోయాడు. మళ్ళీ వెయ్యలేదు. మళ్ళీ తియ్యనూ లేదు. పానకాలు బావకి వస్తున్నానని కార్డు రాశాడు. నన్నే పోస్టులో వెయ్యమన్నాడు.

ఇంకా వెయ్యలేదు. నా బట్టల పెట్టెలో ఉంది.

సెప్టెంబరు 20

వరసగా రాస్తాను, ఒక్కటీ వదలకుండా.

బండి గుమ్మంలో ఉంది. వెంకయ్య మగ్గం కొయ్యకి తాడు బిగిస్తున్నాడు. అప్పుడు వీధి చివర గొడుగు కనబడింది. జక్రయ్య గారు! పరిగెత్తుతున్నారు! ఆ వయసులో, పంచె ఎగ్గట్టి! "ఆపవయ్యా వెంకయ్యా, ఆపు!" అని అరుచుకుంటూ.

అరుగు మీద కూలబడి, మంచినీళ్ళు తాగి చదివారు. ఇరవై నాలుగూ చేరాయి. పెళ్ళి అదిరిపోయిందట. బజారు ఆడవాళ్ళంతా ఆ బట్ట ముక్కుకి ఆనించుకుని వాసన చూశారట. వచ్చే ఏప్రిల్లో రెండో అమ్మాయి పెళ్ళట. అరవై తానులు కావాలట. అరవై! నూలుకి ముందే డబ్బు పంపింది, గురవయ్య గడప తొక్కక్కర్లేదు.

ఆ తర్వాత రాసింది మాత్రం జక్రయ్య గారు రెండుసార్లు చదివారు. "ఒక్క ప్యాకెట్టులో పసుపు రంగు బియ్యం ముడి ఉంది. ఇదేమిటో మాకెవరికీ తెలియలేదు. మా అమ్మ వాసన చూసి, ఇది ఎవరో తల్లి పెట్టింది అని చెప్పి పెళ్ళికూతురి కొంగున కట్టింది. మిగతా వాటిలో లేదేం? బరువవుతుందనా? టపా రేట్లు ఎక్కువని నాకు తెలుసు. ఈసారి బియ్యం ఖర్చు నేను పెట్టుకుంటాను. నా రెండో కూతురికి తక్కువ చెయ్యకండి."

ఆ ఒక్కటి మే తొమ్మిదిన వెళ్ళిన తేలిక తానే! అత్త వింటూ వింటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చింది, ఆ వెంటనే "చెప్పానా? చెప్పానా లేదా?" అని వీధంతా వినబడేట్టు అరిచింది. కరీమున్ని కూడా పిలిచి చెప్పింది. వెంకయ్యకి చెప్పింది. బండి ఎద్దులకి కూడా చెప్పి ఉండేదే.

కవరులోంచి ఇంకోటి జారి పడింది. నా చీటీ. నలిగి, మడతల దగ్గర చిరిగిపోయి. "ఊరి పేరు చెరిగిపోతోంది, మళ్ళీ రాసి పంపండి. కింది వరస నాకు చదవడం రాదు, అందుకే బొమ్మలా చూసి గీశాను" అని రాసింది.

తీసి చూశాను. పైన నా ఇంగ్లీషు. దాని కింద, నాది కాని చేతిరాతలో, తెలుగులో: రోశయ్య.

ఆయన వైపు తిరిగాను. చెవులు ఎర్రగా ఉన్నాయి. ఈసారి ఎండ లేదు, మబ్బు.

"ఎప్పుడు రాశావయ్యా?"

"షావుకారుకి ఇచ్చేముందు మడత విప్పి చూసుకుంటా గదా. కనబడింది."

"మరి తీసి పారెయ్యలేదేం?"

"ఏమో."

"ఈ రెండేళ్ళూ నాకు చెప్పలేదేం?"

"నువ్వు చెప్పావా?"

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. చీటీతో ఆయన భుజం మీద ఒక్కటిచ్చాను. "నా చీటీ మీద నీ పేరెందుకయ్యా?"

"నేసింది నేను గదే" అన్నాడు, తల వంచుకుని.

వెంకయ్య తాడు విప్పి బండి తోలుకుపోయాడు. పానకాలు బావ కార్డు పొయ్యిలో వేశాను. ఆయన పార తీసుకుని గుంటలో దిగాడు, తను వేసిన రెండు గంపల మట్టీ బయటికి ఎత్తి పోశాడు.

మధ్యాన్నం అరుగు మీద కూచుని ఇసుక సంచీ పక్కన పెట్టుకున్నాడు. నేలమీద బొగ్గుతో గీతలు గీస్తూ ఏంటేంటో గొణుగుతున్నాడు. ఏంటని అడిగితే, రేటు పెరిగినా రెండు పౌన్ల హద్దు మారలేదట. ఒక్కో తాను చివర జానెడు తగ్గించి నేస్తాడట, ఆవిడకి ముందే చెప్పి రాయమన్నాడు. అప్పుడు సరిగ్గా ఔన్సున్నర మిగులుతుంది.

"దేనికి?" అన్నాను, తెలిసే.

"అమ్మ బియ్యానికి" అన్నాడు.